అర్బాబ్ తాగిన పుంటికూర చాయ్

వేములవాడల తలనీలాలిచ్చే మొక్కు మా దిక్కు ఎందరికో ఉంటది. మనిషికి గుండు కొడితే నెల తిరిగే సరికి ఎంటికలొస్తయి, దాంట్ల భయమేం లేదు. నేను మాత్రం ఒమన్ దేశంల, రుస్తాఖ్ పక్కపొంటి ఒక చిన్న ఊర్ల, ఏ మొక్కూ లేకుంటనే తోటకు తోటకే గుండు కొట్టిచ్చిన. అదిగూడ నాది కాని తోటకు. అదిగూడ ఒక ఆడపిల్ల పానం పెట్టి పెంచుకున్న తోటకు. ఇయ్యాల ఆ ముచ్చటనే చెప్తున్న. మీరు నవ్వుండ్రి, ఏం ఫికర్ లేదు. నడుమ ఒక కాడ మాత్రం నవ్వుడు ఆపి నన్ను తిట్టాలనిపిస్తది, అప్పుడు గూడ మొహమాటపడకుండ్రి.

నా పేరు లింబాద్రి. మాది జగిత్యాల దిక్కు. పసుపు, మక్క, వరి, అన్ని మా చేతుల పెరిగినయే. మా ఊరోళ్లందరు కంపెనీ అని, సైట్ అని బిల్డింగులు కట్టవోతుంటే నన్ను మాత్రం తోట పనికి పట్టుకొచ్చిండ్రు. "ఎడారిల తోటేందిరా, ఇసుకకు నీళ్లు పెడ్తవా?" అని మా వాడ మొత్తం నవ్వింది. వచ్చి చూస్తే నిజంగనే తోట. మీద ఖర్జూరం చెట్లు, వాటి నీడకు నిమ్మచెట్లు, కొండ కడుపులకెల్లి సన్న కాలువల గలగల పారుకుంట వచ్చే నీళ్లు. ఆ కాలువను ఈడ ఫలజ్ అంటరు. ఊరంతటికి అదొక్కటే ఆధారం, ఎవరి వంతొచ్చినప్పుడు వాళ్లు తమ మడికి మలుపుకోవాలె.

అప్పుడు నాది ఉడుకు వయసు. ఎవుసంల నాకు తెల్వంది భూమ్మీద లేదని గట్టి నమ్మకం. మబ్బు చూసి వాన చెప్త, ఆకు చూసి రోగం చెప్త. ఒమన్ల మబ్బే రాదాయె, సగం విద్య అట్ల దండుగయింది. మిగిలిన సగంతోనే ఈ నాశనమంత చేసిన.

మా యజమానిని అర్బాబ్ అంటం. తెల్లటి పొడుగు అంగి, నెత్తి మీద కుట్టుపూల టోపీ, చేతుల సన్న కట్టె. మాటలు బాగ తక్కువ. నేను కొత్తగ వచ్చిననాడు ఆయన చెట్ల కింద చాప మీద కూసుండవెట్టి, చెవి లేని చిన్న కప్పుల యాలకుల కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోసిండు. తాగిన. మల్ల పోసిండు. మల్ల తాగిన. కాదంటే మర్యాద తప్పుతదేమో అని పోసినకొద్ది తాగుతున్న. పక్కన కూసున్న డ్రైవర్ ఖాదర్ భాయి ఇగ చూడలేక నా చెయ్యి పట్టుకొని కప్పును అటిటు ఊపిండు.

"ఇట్ల ఊపితే చాలని అర్థం రా సామీ! ఊపేదాకా పోస్తానే ఉంటారు, ఇది వీళ్ల మర్యాద. నువ్వు ఇట్లే తాగితే ఇంగ ఈ వారమంతా నీకు నిద్రుండదు!"

ఖాదర్ భాయిది కడప. ఇంట్ల ఉర్దూ, బయట తెలుగు, అర్బాబ్‌తోని అరబ్బీ, బండి చెడిపోతే మూడు భాషలు కలిపి తిడ్తడు. ఈ కప్పు ఊపే ముచ్చటను మాత్రం జర మనసుల పెట్టుకోండ్రి, తర్వాత పని పడ్తది.

అర్బాబ్‌కు ఇద్దరు బిడ్డలు. పెద్దామె మస్కట్ల సంసారం చేసుకుంటున్నది. చిన్నామె షమ్సా అదే మస్కట్ల ఏసీ ఆఫీసుల పెద్ద నౌకరి. ఒకనాడు పొద్దుగాల ఆమె కారు వచ్చి తోట ముంగట ఆగింది. డిక్కీల బట్టల పెట్టె ఉన్నది, దాని పక్కన కొత్త పార ఉన్నది.

"నౌకరి విడిచిపెట్టిన, నాయినా. ఇగ తోట నేను చూసుకుంట" అన్నది.

అర్బాబ్ చేతుల కట్టె కిందవడ్డది. తియ్యనీకి నేను ఉరికిన.

తోట కొసకు ఒక మడి ఉన్నది. ఒకప్పుడు వాళ్ల నాయినమ్మ ఆ మడిల చాయ్ మొక్కలు పెంచేదట. ఏందేందో ఆకులు ఎండవెట్టి, ఊరంతటికి చాయ్ ఆమెనే పంచేదట. ఆమె పోయినంక దాంట్ల మేకలకు గడ్డి పెరిగింది. నాయినమ్మ చాయ్ తోటను మల్ల పెడ్త, ఒక్క సుక్క మందు గూడ కొట్టకుంట ఆమె పెట్టినట్టే పెడ్త, అని షమ్సా మేడం పట్టు. అర్బాబ్ శానసేపు గడ్డం నిమురుకున్నడు.

"చలికాలానికి పంట చూపియ్యి. చూపిస్తే ఈ మడే కాదు, తోట మొత్తం నీ చేతుల పెడ్త. లేకుంటే మడిల మల్ల గడ్డి, నువ్వు మల్ల ఆఫీసు. సరేనా?"

"సరే."

అంతే. ఆ తండ్రీబిడ్డల మాట అట్ల కత్తితోని కోసినట్టు ఉంటది.

నేను లోపల నవ్వుకున్న. ఏసీల కూసున్న పిల్ల, ఈ ఎండకు రెండు రోజులు ఆగితే గొప్ప అనుకున్న. మూడో రోజు నేనే పండుకున్న, నడుము వట్టేసి. ఆమె మాత్రం మేకల పెంటికలు, ఎండు ఖర్జూరాకు, ఎండు చేపల పొట్టు కలిపి కుప్ప పోసి, చేతులతోని తిరగేస్తున్నది. ఆ వాసనకు ఎవుసం ఇంట్ల పుట్టిన నేను ముక్కుకు తువ్వాల కట్టుకున్న. ఆమె కట్టుకోలే. ఫలజ్ వంతు తెల్లారుజామున వచ్చినా నాకంటే ముందు కాలువ కాడ నిలవడేది. పురుగు కనవడ్డనాడు నేను ఊకోలేకపోయిన.

"మేడం, ఒక్క డబ్బా మందు తెప్పియ్యుండ్రి. సాయంత్రానికి పురుగు ఖల్లాస్."

"లింబా, ఈ చాయ్ ఎవరు తాగుతరు?"

"మనుషులే మేడం."

"మరి?"

ఇద్దరం కూసొని పురుగులను చేతులతోని ఏరినం. పొద్దుమీకే దాక ఏరినం. ఇట్లాంటి మనిషిని నేను మా ఊర్ల గూడ చూడలేదని ఆనాడు ఖాదర్ భాయితోని అన్న.

మడిల సగం పుదీన, నిమ్మగడ్డి పెట్టింది. మిగిలిన సగంల పక్క ఊరి ముసలామె ఇచ్చిన ఇత్తనాలేవో చల్లింది. మొలకలొచ్చినయి, పెరిగినయి. ఒకనాడు కలుపు తీసుకుంట దగ్గరికి పోయి చూసిన. ఎర్రటి కాడ. వేళ్లు విప్పినట్టున్న ఆకు. పానం ఆగక ఒక్క ఆకు తుంపి నోట్ల ఏసుకున్న. పుల్లగ జివ్వుమన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఖాదర్ భాయీ, ఉరికిరా! పుంటికూర!"

ఆయన వచ్చి ఆకు నలిపి చూసిండు. "గోంగూర అబ్బా ఇది!"

"పుంటికూర."

"గోంగూర రా."

"పేరు సంగతి తర్వాత. మడి నిండ ఉన్నది, చూసినవా?"

ఇద్దరం మడి వంక చూసుకుంట అట్లనే నిలవడ్డం. గల్ఫ్‌ల ఉన్నోళ్లకే తెలుసు, ఆ చూపుల ఎంత ఆకలుంటదో.

మేడంను అడిగిన. "మేడం, ఇదేంది?"

"కర్కదే. మా నాయినమ్మ చాయ్ ఇదే. ఎర్రగ, పుల్లగ ఉంటది."

"ఎప్పుడు తెంపుతరు?"

"ఎరుపొచ్చినంక."

కాడలు అప్పటికే ఎర్రగున్నయి. సరే, వీళ్లు పుంటికూరతోని చాయ్ చేసుకుంటరు కావచ్చు, ఎవరి నాలుక వాళ్లది అనుకున్న. ఇంకొక్క మాట అడిగితే ఈ కథే ఉండకపోయేది. కాని అడిగితే నాకు తెల్వదని తేలిపోతది కదా! ఎవుసంల నాకు తెల్వంది లేదని అప్పటికే చెప్పుకొని తిరుగుతున్న.

అయినా నా నీతి చెప్పాలె. ఆ మొదటి ఆకు తప్ప మల్ల ఒక్కటి గూడ ముట్టలే. రోజూ నీళ్లు పెట్టుడు, చూసుడు, గుటకలు మింగుడు.

అంతల పెద్దామెకు కాన్పు దగ్గరవడ్డదని ఇంట్లోళ్లందరు మస్కట్ పోయిండ్రు. పోయేటప్పుడు షమ్సా మేడం మడి ఒడ్డు మీద నిలవడి, "లింబా, తోట నీ చేతుల పెట్టి పోతున్న. నా బతుకంత ఈ మడిలనే ఉన్నది" అన్నది. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్న. "నన్ను చూసి నిమ్మళంగ పోండ్రి మేడం" అన్న.

ఆమె పోయింది. రోజులు గడుస్తున్నయి. చెట్లు ఏపుగ లేస్తున్నయి. నాకు నిద్ర పడ్తలేదు. ఎందుకంటే పుంటికూర ముదురుతున్నది! మా దిక్కు ముదిరిన పుంటికూరను ఏం చేస్తరు? బర్రెకేస్తరు. పూతకొచ్చిందంటే ఇగ దాని పని అయిపోయినట్టే. ఇంత కష్టపడ్డ పిల్ల పంట నా కండ్ల ముంగట ముదిరిపోతుంటే ఊకుంటనా? ఫోన్ కొట్టిన.

"మేడం, ఎర్రగైంది. కాడలన్ని ఎరుపే. ముదురుతున్నది."

ఆ దిక్కు నుంచి పసిగుడ్డు ఏడుపు, ఆడోళ్ల నవ్వులు, గిన్నెల చప్పుడు.

"లింబా! కొడుకు పుట్టిండు! మా అక్కకు కొడుకు!"

"మాషా అల్లా, మేడం. మరి తెంపాల్నా?"

"ఈడ మస్తు లొల్లి ఉన్నది లింబా, తర్వాత మాట్లాడ్త. తోట నీకే అప్పజెప్పిన కదా, నువ్వే చూస్కో!"

ఫోన్ పెట్టేసింది. "నువ్వే చూస్కో" అన్నది. ఆ మాట పట్టుకొని నేను కోటకు రాజునైన.

ఇగ తెంపుడెట్ల? పుంటికూరైతే నాకెరుకే, కాని ఇది చాయ్ తోట. చాయ్ తెంపుడుకు ఏదో పద్ధతుంటది. పక్క తోటల రఫీక్ పని చేస్తడు, బంగ్లాదేశ్ ఆయన. వాళ్లమ్మ సిల్హెట్ చాయ్ తోటలల్ల ఆకు తెంపిన మనిషి. పోయి అడిగిన.

"చాయ్ తెంపుడు ఆషామాషీ కాదు భాయ్. రెండాకులు, ఒక మొగ్గ. చెట్టు కొసకు ఉన్నదే తెంపాలె. కిందికి పోతే అది చాయ్ కాదు, గడ్డి."

"ఒక్క చెట్టు గూడ ఇడిచిపెట్టొద్దా?"

"ఇడిచిపెడితే ముదిరిపోతది."

చూసిండ్రా! సిల్హెట్ల గూడ ముదురుడే, జగిత్యాలల గూడ ముదురుడే. ఏ చెట్టు అని ఆయన అడగలే, నేను చెప్పలే. గుండె నిండ ధైర్యంతోని వచ్చిన.

ఒక్కన్ని తెంపితే వారం పడ్తది. రుస్తాఖ్‌ల బిల్డింగు సైట్ కాడ క్యాంపుల మా దిక్కు పోరగాండ్లు ఉంటరు, వాళ్ల పెద్ద పోశెట్టి. ఫోన్ చేసిన.

"పోశెట్టీ, శుక్రవారం ఖాళీనా?"

"డ్యూటీ లేదు గని బట్టలు పిండుకోవాలె."

"పుంటికూర ఉన్నదిరా."

"ఎంత?" అన్నడు సన్నగ.

"మడి నిండ."

"బట్టలు ఎప్పుడన్న పిండుకోవచ్చు. బండి పంపు."

ఖాదర్ భాయి పికప్ ఖాళీగ పోయి కిక్కిరిసి వచ్చింది. అందరిని మడి ఒడ్డు మీద నిలవెట్టి నేను చేతులు ఎనక్కు కట్టుకొని లెక్చరిచ్చిన. "రెండాకులు, ఒక మొగ్గ. కొసకున్నదే. పెద్దాకు ముట్టొద్దు. ఒక్క చెట్టు ఇడిచిపెట్టొద్దు. సగం మేడం చాయ్‌కు, సగం మనకు."

"పుంటికూరకు చాయేందే లింబన్నా?" అన్నడు పోశెట్టి.

"నీకు సిమెంటు తెలుసు, నాకు ఎవుసం తెలుసు. తెంపు."

మీరు పెండ్లిల బంతి లేచినంక విస్తర్లు ఎత్తే జోరు చూసిండ్రా? అంత జోరుగ తెంపిండ్రు. జుమ్మా నమాజుకు అజా ఇచ్చే సరికి మడి మొత్తం గుండయింది. ఆనాడు క్యాంపుల పుంటికూర మాంసం వండినం. పోశెట్టి మొదటి ముద్ద నోట్ల పెట్టుకొని అట్లనే ఆగిండు. "మా అవ్వ యాదికొచ్చిందే" అన్నడు. ఖాదర్ భాయి మాత్రం ఆఖరుకు గిన్నె నాకి, "గోంగూర బాగుండాది" అన్నడు, పట్టు ఇడువకుండ.

మేడం వాటాను ఖర్జూరాలు ఎండవెట్టే చాపల మీద పరిచి, మంచిగ ఎండినంక డబ్బాలకు ఎత్తిన. ఆ డబ్బాలను చూసుకుంటే నాకే ముద్దొచ్చేది.

వాళ్లు తిరిగొచ్చిన రోజు నేను తానం చేసి, తల దువ్వుకొని, చెట్ల కింద చాప పరిచి తయారుగున్న. అర్బాబ్ కారు దిగిండు. ఆయన చాప దాక వచ్చే లోపల్నే ఒక డబ్బా తీస్కపోయి కారుల పెట్టిన, ఇంటికి ఉంటదని. కేటిల్ పొయ్యి మీద ఉడుకుతున్నది. చక్కెర ఏసిన, పుదీన ఏసిన, యాలకులు ఏసిన. అయినా ఒక తీరు వాసన వస్తున్నది, అది కొత్త చాయ్ వాసన అనుకున్న.

"అర్బాబ్, మేడం చాయ్! మొదటి పంట!"

షమ్సా మేడం ముఖంల నవ్వు ఆగిపోయింది. "ఏ పంట లింబా?"

"తాగి చెప్పుండ్రి మేడం."

అర్బాబ్ కప్పు అందుకున్నడు. ఒక గుక్క తాగిండు. ఆయన ఒక కన్ను మూసుకపోయింది. రెండో కన్నును మర్యాద కోసం తెరిచే పెట్టిండు. గడ్డం ఒణికింది. ఎంటనే కప్పు ఊపుడు షురూ చేసిండు. కప్పుల ఇంక సగం చాయ్ ఉన్నది, అది ఒలికి తెల్లంగి మీద పడ్తున్నా ఊపుతనే ఉన్నడు. ఎనుకకెల్లి ఖాదర్ భాయి నా చెవుల, "రెండు మిరపకాయలు, ఇంత ఉప్పు ఏసుంటే చారన్నా అయ్యుండేది కదరా!" అన్నడు.

మేడం అప్పటికే మడి దిక్కు ఉరికింది. నేను ఎంట ఉరికిన.

ఆమె ఒడ్డు మీద నిలవడి చూసింది. ఒక్క చెట్టుకు కొస లేదు. మొండి కాడలు ఆకాశం దిక్కు చూస్తున్నయి. ఆమె నన్ను తిట్టలే. మెల్లగ కూలవడ్డట్టు ఒడ్డు మీద కూసున్నది. ఒక చెట్టు మొండి కొసను రెండు వేళ్లతోని పట్టుకొని అట్లనే ఉన్నది.

"మేడం, రెండాకులు, ఒక మొగ్గ... ముదురుతదని..."

"లింబా," అన్నది, "కర్కదే చాయ్ ఆకుది కాదు. చలికాలంల పువ్వు పూస్తది. పువ్వు రాలినంక అడుగున ఎర్రటి దొప్ప మిగుల్తది. ఆ దొప్పది చాయ్. పువ్వు రానీకి కొసలు ఉండాలె కదా?"

ఇదే మీరు నన్ను తిట్టే జాగ. ఆమె నౌకరి, వాళ్ల నాయినమ్మ మడి, చేతులతోని ఏరిన పురుగులు, అన్నిటిని నేను పుంటికూర మాంసంల కలిపి తిన్న. ఆమె కండ్ల నీళ్లు తుడుచుకోనీకి గూడ చెయ్యి లేపలే, చేతులు ఆ చెట్టు మీదనే ఉన్నయి. అట్ల ఒక మనిషి ఏడ్వంగ చూసుడు కంటే నాలుగు దెబ్బలు తినుడు నయం.

ఎనుకకెల్లి కట్టె సప్పుడైంది. అర్బాబ్. మడిని ఈ కొస నుంచి ఆ కొసకు చూసిండు.

"ఎవరు చేసిండ్రు?"

నా కండ్ల ముంగట విమానం కనవడ్డది, ఇంటికి పోయేది. అంతల షమ్సా మేడం లేచింది. చేతుల మట్టి దులుపుకున్నది.

"నేనే చెప్పిన నాయినా. కొసలు గిల్లితే పక్కలకెల్లి కొమ్మలొస్తయి. ఎక్కువ పూస్తది."

అర్బాబ్ బిడ్డను చూసిండు. నన్ను చూసిండు. అంగి మీది చాయ్ మరకను చూసుకున్నడు. "ఇన్షా అల్లా," అన్నడు. "చలికాలం పంట చూస్త. మన మాట మాటనే." కట్టె పొడుచుకుంట ఎల్లిపోయిండు.

నేను ఆమె ముంగట చేతులు జోడిచ్చిన. "మేడం, నన్ను కాపాడనీకి మీ తోటను పందెం కాసిండ్రా?"

"నువ్వు పోతే నాతోని పురుగులు ఎవరు ఏరుతరు?" అన్నది, ముక్కు తుడుచుకుంట.

"నిజంగనే కొమ్మలొస్తయా మేడం?"

"పుస్తకంల ఉన్నది. కాని ఇంత గొరిగినా వస్తయని ఏ పుస్తకంల లేదు."

ఆ తెల్లారి నుంచి నేను ఆ చెట్లకు నౌకరునైన. పెంట నీళ్లల్ల నానవెట్టి మొదళ్లకు పోసుడు, ఎండ గట్టిగున్ననాడు ఖర్జూరాకుతోని నీడ కట్టుడు, అన్ని ఆమె చెప్పినట్టే. శుక్రవారం పోశెట్టి బ్యాచ్ పిలువకుంటనే దిగింది. "తిన్నది అరగాలె కదనే" అని మేకల పెంట మోసిండ్రు. మేడం మాత్రం పొద్దున ఒకపారి, సాయంత్రం ఒకపారి ప్రతి చెట్టు కాడ ఒంగి, ఆకుకు కాడకు నడుమ సందుల వేలు పెట్టి చూసేది. ఏం కనవడకున్నా పక్క చెట్టు కాడికి పోయేది. ఆ ఓపిక నాకుంటే నేను ఈపాటికి కలెక్టర్నైతుంటి.

ఒకనాడు పొద్దుగాల ఆమె కేక ఇనవడ్డది. పాము అనుకొని పార పట్టుకొని ఉరికిన.

"లింబా! చూడు!"

ఆకు సందుల నుంచి బియ్యపుగింజంత మొలక. పక్క చెట్టుకు గూడ. దాని పక్కదానికి రెండు దిక్కుల. పార పారేసి నేను మడిలనే ఎగిరిన. "చెట్లు తొక్కుతున్నవ్!" అని ఆమె అరిచింది, నవ్వుకుంటనే.

ఇగ ఆ చెట్లు ఆగలే. ఒక్క కొస పోయిన కాడ గుబురు గుబురు కొమ్మలేసినయి. చలి వడ్డంక పూసినయి చూడుండ్రి, లేత పసుపు రేకులు, నడుమ ముదురెరుపు. పూలు రాలినయి, దొప్పలు ఉబ్బినయి. మడి మొత్తం ఎర్రగైంది. అప్పుడర్థమైంది నాకు, "ఎరుపొచ్చినంక" అంటే ఏందో.

కోత రోజు మేడం దొప్పలను తానే ఎండవెట్టి, తానే మరిగిచ్చి, అర్బాబ్ ముంగట కప్పు పెట్టింది. ఆయన తాగిండు. రెండు కండ్లు తెరిచే ఉన్నయి, కాని వాటి నిండ నీళ్లున్నయి. "మా అమ్మ చాయ్," అన్నడు. కట్టె కొసతోని తోటంత చూపెట్టి, "నీది" అన్నడు. షమ్సా మేడం వంగి నాయిన నెత్తి మీద ముద్దు పెట్టుకున్నది. ఆ పిల్ల గెలిచిందంటే నేను గెలిచినట్టే అనిపిచ్చింది నాకు. గుండు కొట్టింది గూడ నేనేనని ఆ ఒక్క నిమిషం యాది మరిచిన.

అర్బాబ్ మరువలే.

"లింబా, ఇటు రా. కూసో."

కూసున్న. ఆయన ఖాదర్ భాయి దిక్కు సైగ చేసిండు. ఖాదర్ భాయి కారుకెల్లి ఒక డబ్బా తెచ్చిండు. నా డబ్బా. నేను ఎత్తి పెట్టిన పుంటికూర ఆకు! ఆ కడపాయన పండ్లన్ని కనవడేటట్టు నవ్వుకుంట కేటిల్ పొయ్యి మీద పెట్టిండు. ఉడికింది. అర్బాబ్ తన చేతులతోని నాకు పోసిండు. యజమాని పోస్తే కాదంటమా?

తాగిన. నా చెవులల్లకెల్లి పొగలొచ్చినయి. ఎంటనే కప్పు ఊపిన. అర్బాబ్ ఖర్జూరం చెట్ల కొసలు చూసుకుంటనే మల్ల పోసిండు. తాగి, గట్టిగ ఊపిన. నిమ్మచెట్లు చూసుకుంట పోసిండు. మణికట్టు గుంజేదాక ఊపుతున్న. ఆ పెద్దమనిషికి అన్ని కనవడ్తున్నయి, నా కప్పొక్కటే కనవడ్తలేదు.

"అర్బాబ్, చాలు! ఊపుతున్న కదా, చూడుండ్రి!"

అప్పుడు ఆయన నా దిక్కు తిరిగిండు. గడ్డంల చిన్న నవ్వున్నది.

"లింబా, నా బిడ్డ పుట్టి బుద్ధెరిగినంక నాతోని ఒక్కటే అబద్ధం ఆడింది. అది నీ కోసం. ఆనాడే నాకు ఎరుక. దానికి ఇంకొక కప్పు."

మేడం ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకున్నది, భుజాలు మాత్రం ఎగురుతున్నయి. నేను కండ్లు మూసుకొని ఆ కప్పు గూడ తాగిన. చెప్తే నమ్మరు, అది అంత పుల్లగ అనిపియ్యలే.

అందుకని ఫలజ్ నీళ్ల మీద, వేములవాడ రాజన్న మీద, ఖాదర్ భాయి పికప్ మీద ఒట్టేసి చెప్తున్న: నా గొంతుల పానముండంగ పుంటికూరను పప్పుల ఏస్త, మాంసంల ఏస్త, తొక్కు నూరుత, కేటిల్ల మాత్రం ఎయ్య. అడగకుంట ఆడపిల్ల తోటకు గుండు కొట్ట. మల్ల ఏడాది ఇత్తనాలు మొలిచి, చెట్లు మోకాలెత్తు పెరిగినంక షమ్సా మేడం వచ్చి, "లింబా, పోశెట్టిని పిలువు. రెండాకులు, ఒక మొగ్గ" అని హుకుం ఇస్తే మాత్రం నన్ను ఏం చెయ్యమంటరు? ఇప్పుడు ఆ తోటకు ప్రతి ఏడు గుండు కొట్టాల్సిందే, ఆ రోజు క్యాంపుల మాంసం వండాల్సిందే, మా గిన్నె కోసం అర్బాబ్ గూడ పళ్లెం పట్టుకొని కూసోవాల్సిందే. ఆయన పళ్లెంల నేనే వడ్డిస్త. పళ్లెం ఎంత ఊపినా చూడ.